శనివారం ఒక్కపొద్దు, పాత లైసెన్సు

మా టీచరమ్మ ఫోన్ చేసిన రోజు నేను మిద్దె మీద వేరుశెనగ కాయలు ఎండబోస్తున్నాను. ఎండబోయడానికి పెద్దగా ఏమీ లేవు. ఆ ఏడు కూడా ఊడలు దిగి కాయ కట్టే సమయానికి వాన మొహం చాటేసింది. చెట్టు పెరికితే రెండో మూడో కాయలు, వాటిలోనూ సగం తాలు. ఆ కాసిన్నయినా ఇల్లు చేరినందుకు స్వామికి మనసులోనే దండం పెట్టుకుని, కాయల్ని కాలితో తిరగేస్తూ ఫోన్ ఎత్తాను.

"విమానం అమ్మేస్తున్నానమ్మాయీ," అంది ఆవిడ. "అమ్మేలోపు నువ్వొచ్చి ఒక్కసారి నడపాలి. నేను పక్కన కూర్చుంటాను. నోరెత్తను."

ఆవిడ నోరెత్తకుండా కూర్చోవడం జరిగే పని కాదని ఇద్దరికీ తెలుసు. ఇద్దరం నవ్వుకున్నాం. మా మాటలన్నీ ఇంగ్లీషులోనే జరుగుతాయి, ఆ 'అమ్మాయీ' అన్న పిలుపు ఒక్కటి మాత్రం ఆవిడ మా ఆయన దగ్గర నేర్చుకుంది.

ఆవిడ నాకు విమానం నడపడం నేర్పిన మనిషి. ఇలా రాస్తే నమ్మరని తెలుసు. గార్లదిన్నె దగ్గర పల్లెలో పుట్టి, బడి గడప తొక్కకుండా నాయన దగ్గరే అక్షరాలు దిద్దుకున్న దానికి విమానమేమిటని మా బంధువులు ఇప్పటికీ నవ్వుతారు. అమ్మ చిన్నప్పుడే పోయింది. ఇల్లు కనిపెట్టుకుని ఉండే మనిషి కావాలి కాబట్టి నన్ను బడికి పంపలేదు. దానికి బదులు నాయనే సాయంత్రం కాళ్ళు కడుక్కుని వచ్చి, పలక ముందు పెట్టుకుని కూర్చునేవాడు. పద్యాలు, కూడికలు, తర్వాత తర్వాత ఇంగ్లీషు. పదో తరగతి ప్రైవేటుగా కట్టించాడు. నాకు దొరికిన చదువు నాయన అలసట లోంచి మిగిల్చి పెట్టింది. అందుకే చదువన్న మాట వింటే ముందు దండం పెట్టాలనిపిస్తుంది.

పెళ్ళయ్యాక మా ఆయనకు జాంబియాలో ఉద్యోగం వచ్చింది. రాగి గనుల ఊళ్ళో లెక్కల మాస్టరు. ఆ ఊరి చివర ఒక ఫ్లయింగ్ క్లబ్బు ఉండేది. క్లబ్బంటే గొప్పగా అనుకోవద్దు. ఒక రేకుల షెడ్డు, గడ్డి కోసిన మైదానం, రెండు మూడు చిన్న విమానాలు. ఆదివారాలు అక్కడికి చేరే వాళ్ళకు మిరపకాయ బజ్జీలు, ఉగ్గాని చేసి పెట్టే పని నేను ఒప్పుకున్నాను. పిల్లలు లేరు, పొద్దు పోయేది కాదు.

ఒక ఆదివారం అక్కడ చేట పట్టుకుని ఉగ్గానికి బొరుగులు చెరుగుతున్నాను. ఆ క్లబ్బులో విమానం నేర్పే టీచరమ్మ నా వెనక నిలబడి చూసి, "గాలి మారినప్పుడల్లా నువ్వు కూడా తిరుగుతున్నావు, తల ఎత్తకుండానే," అంది. నాకు అందులో వింతేమీ కనిపించలేదు. మా వైపు కళ్ళంలో తూర్పారబట్టే ఆడవాళ్ళందరూ అలాగే నిలబడతారు. లేకపోతే పొట్టు కళ్ళలో పడుతుంది. ఆవిడ మాత్రం చేట పక్కన పెట్టించి, నన్ను తీసుకెళ్ళి విమానంలో కూర్చోబెట్టింది. అలా మొదలైంది.

రెండేళ్ళకు లైసెన్సు వచ్చింది. ఊరికే సరదాగా నడుపుకోవడానికి ఇచ్చే లైసెన్సు. దానితో ఎవరి దగ్గరా ఉద్యోగం చెయ్యడానికి లేదు. నాకు అదే నచ్చింది. ఇంట్లో పని అయ్యాక, ఎవరి కోసమూ కాకుండా, నా కోసం నేను చేసిన పని జన్మలో అదొక్కటే.

ఆ రోజుల్లో చూసిన ఒక దృశ్యం మాత్రం చెప్పాలి. ఒకసారి మధ్యాహ్నం ఒంటరిగా వెళ్తుంటే ఎడమ వైపు వాన కనిపించింది. మబ్బు కింద నుంచి నేల దాకా బూడిదరంగు స్తంభం. అది నడుస్తోంది. దాని కింద పొలం నల్లగా తడుస్తోంది, పక్క పొలం పొడిగా ఎండలో ఉంది. రెంటికీ మధ్య గీత గీసినట్టు ఉంది. మా నాయన జన్మంతా తల పైకెత్తి ఎదురుచూసిన దాన్ని నేను పక్కన నిలబడినట్టు చూశాను. వాన మనుషుల్ని చూసి పడదని ఆ రోజు తెలిసింది. దాని దారిన అది పోతూ ఉంటుంది, అంతే. వానలోకి పోకూడదని టీచరమ్మ చెప్పిన ప్రకారం దూరంగా చుట్టి వచ్చి దిగాను. దిగాక చాలాసేపు ఏడ్చాను, సంతోషమో మరేమో ఇప్పటికీ తెలియదు.

మా ఆయన ఉద్యోగం ముగిశాక ఇటు వచ్చేశాం. వచ్చి ఇరవై ఏళ్ళు దాటింది. టీచరమ్మ ఆస్ట్రేలియాలో తమ్ముడి పశువుల క్షేత్రానికి వెళ్ళి, అక్కడే ఒక రెండు సీట్ల విమానం కొనుక్కుంది. ఇక్కడ నేను నడిపింది లేదు. అనంతపురంలో ఆకాశానికి కొదవ లేదు గాని విమానం ఎక్కడ దొరుకుతుంది? లైసెన్సు పుస్తకం దేవుడి గూట్లో పెట్టుకున్నాను. ఆయుధపూజ నాడు మా ఆయన మోటారుకు, కొడవలికి పసుపు కుంకుమ పెట్టేటప్పుడు నేను దానికీ పెట్టేదాన్ని. ఏటేటా పెట్టాను.

పాత లైసెన్సుతో మళ్ళీ ఎగరొచ్చని నాకు తెలియదు. టీచరమ్మే అక్కడి క్లబ్బులో కనుక్కుంది. మొదట లైసెన్సు ఇచ్చిన దేశం వాళ్ళు, అవును ఈవిడకు మేమే ఇచ్చామని రాయాలి. తర్వాత ఆస్ట్రేలియా వాళ్ళు ఒప్పుకున్న డాక్టరు పరీక్ష చేసి, ఈ మనిషి ఒళ్ళు బాగుందని రాయాలి. ఆ పైన అక్కడికి వెళ్ళి, కొన్నాళ్ళు మాస్టరు పక్కన నడిపి చూపించాలి. వినడానికి తేలికే. అయితే ఇదంతా టీచరమ్మకు ఆ ఏటి డాక్టరు పరీక్ష గడువు తీరేలోపు జరగాలి. ఎనభై దగ్గర పడుతున్న మనిషి, చూపు మందగించింది, ఇంకోసారి పాసు కానని ఆవిడకే తెలుసు. ఆ తర్వాత విమానం ఉండదు.

జాంబియా వాళ్ళకు లైసెన్సు పేజీలు ఫొటో తీసి పంపాం. నా ఫొటో ఉన్న పేజీ మీద ఎర్రగా ఈ మరకలేమిటి, పుస్తకం పాడైందా అని అడిగారు.

"ఏమని రాసేది మే?" అన్నాడు మా ఆయన.

"కుంకుమని రాయండి."

"ఎందుకు పెట్టినారంటే?"

"పండగని రాయండి."

ఆయన నవ్వుకుంటూ అలాగే రాశాడు. అవతల ఎవరో మంచి మనిషి, ఎవరో ఇప్పటికీ తెలియదు, ఇంకేమీ అడగకుండా కావలసిన కాగితం పంపించాడు. ఆ మనిషి పేరు తెలియకపోయినా చాలా రోజులు దీపం పెట్టేటప్పుడు తలుచుకున్నాను.

మాతోనే ఉండే వదినకు, అంటే మా ఆయన అక్కకు, ఈ వ్యవహారం బొత్తిగా నచ్చలేదు.

"ముసిల్దానివి అయినాక గాల్లో ఎగిరేదేమి మే? బోరులో నీళ్ళు యాడికి పోయినాయో ముందు అది చూడల్ల."

"నీకు నవ్వులాటగా ఉండాది గానీ అక్కా," అన్నాడు మా ఆయన, "ఇది నడుపుతాంటే నేను పక్కన నిద్రపోతాంటి. అంత నున్నగా నడిపేది."

"నువ్వు సినిమాకి పోయినా నిద్రపోతావు, ఊరుకో."

ఆస్ట్రేలియా వాళ్ళు ఒప్పుకున్న డాక్టరు బెంగుళూరులో ఉన్నాడని, ఇలాంటి పరీక్షలకు శనివారాలే కూర్చుంటాడని తెలిసినప్పుడు నాకు ఒళ్ళు పులకరించింది. శనివారం నాకు ఒక్కపొద్దు. సాయంత్రం దీపం పెట్టేదాకా ఏమీ తినను. పెళ్ళికి ముందు నుంచీ ఉన్న అలవాటు, జాంబియాలో కూడా మానలేదు. స్వామి తన రోజునే నన్ను పిలిపించుకున్నాడని అనుకున్నాను. ఇంత చేసినవాడికి ఊరికే మామూలు ఒక్కపొద్దు ఏం సరిపోతుంది? శుక్రవారం రాత్రి నుంచే మంచినీళ్ళు కూడా ముట్టనని మొక్కుకున్నాను.

తెల్లవారుజామున బస్సెక్కాం. బాగేపల్లి దగ్గర బస్సు ఆపితే మా ఆయన టీ తాగి వచ్చి, "రొంత మజ్జిగన్నా తాగు మే, మొకం యట్ల పీక్కపోయిందో చూసుకో," అన్నాడు.

"పరీక్ష అయిపోనీ. సాయంత్రం తాగుతా."

"పరీక్ష నీకా, నీ ఉపాసానికా?"

గమ్మునుండమన్నాను. ఆస్పత్రికి ఎదురుగా రోడ్డు దాటి కాలిబాట ఎక్కుతుండగా నా కళ్ళ ముందు వెలుతురు పక్కకు ఒరిగింది. తర్వాత ఎవరో పూలమ్మే ఆమె నా మొహం మీద నీళ్ళు చల్లుతోంది. ఒక్క క్షణమే అన్నాడు మా ఆయన. లేచి చీర దులుపుకున్నాను. ఆమెకు దండం పెట్టి, రెండు మూరలు పూలు కొనుక్కుని లోపలికి వెళ్ళాం. ఆయన నీళ్ళ సీసా చేతికిస్తే వద్దన్నాను. ఇంత దూరం వచ్చి ఇప్పుడు మొక్కు చెడగొట్టుకోవడమా అనిపించింది.

"లోపల ఈ పడిపోయిన సంగతి ఎత్తొద్దు," అన్నాడు మెట్లెక్కుతూ.

డాక్టరు పెద్దమనిషి. నన్ను చూడగానే "ఊట ఆయితా అమ్మా?" అని పలకరించాడు. భోజనమైందా అని కన్నడంలో అడిగాడు కాని, తెలుగు కూడా బాగానే మాట్లాడాడు.

"లేదు సార్. శనివారం కదా, ఒక్కపొద్దు."

"ఓహో. మా తాయి కూడా సోమవారాలు ఉండేది."

వాళ్ళమ్మ మాట ఎత్తేసరికి నాకు ధైర్యం వచ్చేసింది. మన మనిషే అనుకున్నాను. కళ్ళు చూశాడు, చెవులు చూశాడు, ఒంటికాలి మీద నిలబెట్టాడు. అన్నీ బాగున్నాయన్నాడు. తర్వాత కుర్చీలో కూర్చుని ఒక్కొక్కటే అడుగుతూ రాసుకోవడం మొదలుపెట్టాడు. ఫిట్స్ వచ్చాయా? లేదు. గుండెలో నొప్పి? లేదు. స్పృహ తప్పి పడిపోవడం?

బల్ల కింద మా ఆయన నా కాలు తొక్కాడు.

"ఇందాకే రోడ్డు మీద పడ్డాను సార్. ఒక్క క్షణం."

డాక్టరు తలెత్తాడు. మొహంలో కంగారు స్పష్టంగా కనిపించింది. పాపం, ఆ కంగారు చూసి నాకే జాలి కలిగింది. ఆయన్ని స్థిమితపరచాలనుకున్నాను. "మీరేం భయపడొద్దు సార్, ఇది జబ్బు కాదు. నీళ్ళు తాగలేదు, అంతే. శివరాత్రికొకసారి, శ్రావణమాసంలో ఒకసారి ఇట్లాగే అయింది. మా ఊళ్ళో ఒక్కపొద్దుండే ఆడవాళ్ళకు ఎప్పుడూ ఉండేదే," అని నవ్వాను.

కలం పక్కన పెట్టేశాడు.

"ఎప్పుడూ ఉండేదేనా? మీకు ఎన్నిసార్లు అయింది?"

"లెక్క పెట్టుకోలేదు సార్."

ఎప్పుడూ ఉండేదంటే హాని లేనిదని మా వైపు అర్థం. పొయ్యి పొగ, మోకాళ్ళ నొప్పి, బోరు ఎండిపోవడం, అన్నీ ఎప్పుడూ ఉండేవే. ఎప్పుడూ ఉండే దానికి ఎవరూ భయపడరు. ఆ కుర్చీలో కూర్చున్న మనిషికి అదే అన్నిటికంటే చెడ్డ మాటని నాకు తట్టలేదు. నేను ఎంత నవ్వుతూ చెప్తే అంత చెడిపోయింది.

"అమ్మా," అన్నాడు చివరికి, "నాకు అర్థమవుతుంది. మా తాయి కూడా పూజగదిలో పడిపోయేది. కానీ నేను రాసేది అక్కడెవరో చదవాల. మళ్ళీ మళ్ళీ స్పృహ పోతుందని మీ నోటితోనే చెప్పినారు. నేను రాయకపోతే, రేపు మీరు గాల్లో ఉన్నప్పుడు అయితే?"

టీచరమ్మ అయినా అదే అడిగేది.

"రాయండి సార్," అన్నాను. లేచి వచ్చేటప్పుడు ఆయనకు దండం పెట్టాను.

తిరుగు బస్సులో ఊళ్ళు దాటాక మా ఆయన ఇక పట్టలేకపోయాడు.

"ఒగసారి పడినానంటే సరిపోతాండె. ఎప్పుడూ ఉండేదే అంటివి. అదీ నవ్వుకుంటా."

"ఆయప్ప భయపడినాడని చెప్పినా."

"డాక్టరుకు ధైర్యం చెప్పిన పేషెంటును నిన్నే చూస్తాండా."

ఇంటికి వచ్చి చెబితే వదినకు ఆశ్చర్యం. "పడిపోతే ఏమంట? మా అత్త ప్రతి ఏకాదశికీ పడిపోతాండె. తొంభై ఏండ్లు బతికె."

"మీ అత్త విమానం నడపల్యాక్కా," అన్నాడు మా ఆయన.

అప్పటికీ ఆశ ఉంది, ఎందుకు పడిపోతున్నానో తేల్చే పరీక్షలు చేయించి రిపోర్టులు పంపమన్నారు ఆస్ట్రేలియా వాళ్ళు. అనంతపురంలో పెద్ద ఆస్పత్రిలో తలకు స్కానింగ్ తీశారు. గుండె మీద తీగలు అతికించి ఇంటికి పంపి, మర్నాడు రమ్మన్నారు. అన్నీ శుభ్రంగా ఉన్నాయన్నారు. రిపోర్టులన్నీ పంపాం. ఆ వారం పది రోజులు నేను ఎంత సంతోషంగా ఉన్నానో తలుచుకుంటే ఇప్పుడు సిగ్గుగా ఉంటుంది. ఆస్ట్రేలియా వీసా చేతికొచ్చింది, అక్కడ చలి ఎంతుంటుందో కనుక్కున్నాను. పాత పాఠాలు టీచరమ్మ పంపితే వంటింట్లో నిలబడి చదువుకున్నాను, ఇంజను ఆగిపోతే ఏం చెయ్యాలో పైకి వల్లెవేస్తూ. వదిన వచ్చి, "యాడ ఆగిపోయింది మే, మిక్సీయా?" అంది.

జవాబు మా ఆయన ఫోనుకు వచ్చింది. ఆయనే చదివాడు. పరీక్షలు బాగున్నాయి. బాగున్నాయి కాబట్టే ఎందుకు పడిపోతున్నారో తేలలేదు. ఉపవాసం వల్లేనని మీరు అంటున్నారు, మాకు రుజువు లేదు. చాలా కాలం పాటు ఒక్కసారి కూడా పడిపోకుండా గడిస్తే, నిపుణుడి రిపోర్టుతో మళ్ళీ రండి, అప్పుడు చూస్తాం. ఆ గడువు ఎంతో చదివి మా ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. టీచరమ్మ పరీక్ష గడువు అంతకు చాలా ముందే తీరిపోతుంది.

వాళ్ళ తప్పు ఏమీ లేదు. డాక్టరు తప్పూ లేదు. నాకు స్వామి మీద కూడా కోపం లేదు. ఆయన నన్ను నీళ్ళు తాగొద్దనలేదు.

టీచరమ్మకు నేనే ఫోన్ చేసి చెప్పాను. అంతా విన్నది. ఒక్కపొద్దు సంగతి ఆవిడకు జాంబియా రోజుల నుంచే తెలుసు. శనివారం నన్ను విమానం దగ్గరికి రానిచ్చేది కాదు. ఆ విషయం నాకు అప్పుడు గుర్తొచ్చింది. ఆవిడకు ఎప్పుడో గుర్తొచ్చి ఉంటుంది, కాని ఎత్తలేదు.

"అయితే ఊరికే రా," అంది. "వీసా ఉండనే ఉంది. పక్క సీట్లో కూర్చోవడానికి ఏ డాక్టరూ అక్కర్లేదు. నేను నడుపుతాను, నువ్వు చూద్దువు గాని. నాకింకా నెల ఉంది."

ఎవరేమిచ్చినా రెండు చేతులా తీసుకోవడం నాకు అలవాటు. తాలు కాయలు తీసుకున్నాను, పూలమ్మి చల్లిన నీళ్ళు తీసుకున్నాను, దేన్నీ చిన్నదని అనలేదు. ఆవిడ ఇస్తున్నది చిన్నదీ కాదు. ఆ నేల చూడొచ్చు, ఆ రెక్క కింద గాలి వినొచ్చు. కాని చేతులు ఒళ్ళో పెట్టుకుని ఆ సీట్లో కూర్చున్నట్టు ఊహించుకోవడం కూడా నా వల్ల కాలేదు.

"వద్దు టీచరమ్మా."

"రావా?"

"రాలేను."

"నేనైనా వచ్చేదాన్ని కాదులే," అంది ఆవిడ.

వదినకు ఈ మాట చెప్పలేదు. మా ఆయనకు చెబితే, మోటారు దగ్గర ఫ్యూజు సరిచేస్తున్నవాడు చెయ్యి ఆపి చూశాడు.

"పోయి కూచ్చోని రావచ్చు గదా మే. నేనూ వస్తాంటి."

"ఇంకొగాయప్ప బోర్డు మీద లెక్క చేస్తాంటే, పిల్లోళ్ళ మధ్యన మీరు గమ్మున కూచ్చుంటారా?"

"కూచ్చోలేను," అని మళ్ళీ ఫ్యూజు వైపు తిరిగాడు. మోటారు వేస్తే బోరు కాసేపు నీళ్ళు కక్కి, తర్వాత గాలి కక్కింది. కట్టేశాడు.

పోయిన వారం విమానం వెళ్ళిపోయింది. కొన్నతను దూరంగా మేసే పశువుల తొట్లలో నీళ్ళు ఉన్నాయో లేవో పైనుంచి చూసుకోవడానికి తీసుకున్నాడట. మంచి కుర్రాడని, జాగ్రత్తగా నడుపుతాడని, ఇంజను గురించి అన్నీ అడిగి తెలుసుకున్నాడని టీచరమ్మ చెబుతూ పోయింది. తాను షెడ్డు తలుపు తియ్యడం మానేశానంది. లోపల ఖాళీగా ఉంటే చూడ్డానికి బాగోదంది.

"మంచి చేతుల్లోకే వెళ్ళింది," అన్నాను.

అనాలి కాబట్టి అన్నాను. ఫోన్ పెట్టేశాక దీపం పెట్టి కూర్చున్నాను. రోజూ ఆ వేళకు ఒక్కొక్కటే తలుచుకుని దండం పెట్టడం నా పద్ధతి. నాయన దగ్గర మొదలుపెట్టాను. తర్వాత చేట పక్కన పెట్టించిన ఆవిడ దగ్గరికి వచ్చాను. అక్కడి నుంచి ముందుకు పోలేక, చేతులు జోడించే ఉంచి, వత్తి వంక చూస్తూ ఉండిపోయాను.